మైనస్ ఏడు

"నీకు ఏడు వచ్చిందమ్మా, మంజులా," అన్నాడు నిర్మాత రవిచంద్ర, పక్కింటి పిల్ల పరీక్ష తప్పిన కబురు చెప్పినట్టు. "ఏడంటే నైధన తార. ముహూర్తం రోజు నువ్వు మొదలుపెట్టిన పని ముందుకు సాగదు. కథ నీదే, సినిమా నీదే, కాదని ఎవరన్నారు? డైరెక్టర్ కుర్చీలో మాత్రం క్రాంతికుమార్ కూర్చుంటాడు. నువ్వు పక్కనుండి అన్నీ చూసుకో."

జూబ్లీ హిల్స్‌లో ఆయన ఇల్లే ఆయన ఆఫీసు. కింద సినిమా, పైన సంసారం. ఆ కింది హాల్లో ఏసీ మంచులా వీస్తున్నా నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనుండి చూసుకోవాలట! ఫిల్మ్ నగర్‌లో అడుగుపెట్టిన నాటి నుంచీ నేను చేస్తున్నది అదే కదా. ఇంకొకరి కుర్చీ పక్కన నిలబడటం, వాళ్ళు మరిచిపోయింది గుర్తుచేయడం, వాళ్ళు పొరపడితే నా మీద వేసుకోవడం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా పేరుతో కుర్చీ వేస్తామన్నారు. బుధవారం ముహూర్తం. మా అమ్మ కొత్త చీర ఇస్త్రీకి కూడా ఇచ్చింది.

"ఏంది సార్ గిది?" అన్నాను. గొంతు లేచింది. "ముహూర్తం పెట్టింది మీరే, మంచి రోజన్నది మీరే. ఇప్పుడు నేనే పనికిరానా?"

"రోజు మంచిదేనమ్మా. రోహిణి. నీ నక్షత్రానికే పడలేదు. మన చేతుల్లో ఏముంది చెప్పు?"

సోఫాలో క్రాంతికుమార్ ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. తల ఎత్తకుండానే, "నేను పేరుకే మేడమ్," అన్నాడు. ఇంతవరకూ వేరే భాషల సినిమాలను తెలుగులోకి దింపడమే తప్ప సొంతంగా ఒక సీను రాయని మనిషి. పేరుకే అట. నాకు లేనిదల్లా ఆ పేరే కదరా నాయనా!

ఈ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ తారాబలం చూడకుండా కొబ్బరికాయ కూడా కొట్టరు. అదేమంత బ్రహ్మవిద్య కాదు. నీ జన్మ నక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం దాకా లెక్కపెట్టి, తొమ్మిదితో భాగిస్తే మిగిలేదే నీ తార. రెండు మిగిలితే సంపత్తు, నాలుగైతే క్షేమం, ఏడైతే నైధనం, అంటే చావు తార. ఇదివరకు ఒక సిద్ధాంతి గారు వచ్చి చెప్పేవారు. ఆ మధ్య రవిచంద్ర కూతురు వందన బడిలో మాడ్యులో లెక్కల మీద ప్రాజెక్టు చేసింది. మాడ్యులో అంటే భాగించగా మిగిలినదే. ఆ పిల్ల చదివేది విదేశీ సిలబస్ బడి. అక్కడ అందరికీ గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ ఉంటుంది, మన ఫోను కంటే లావుగా. దాంట్లో తారాబలం ప్రోగ్రామ్ రాసింది. తండ్రి మురిసి ముక్కలయ్యాడు. సిద్ధాంతి గారు పొరపడొచ్చు గానీ మిషన్ పొరపడదన్నాడు. దసరాకి కాలిక్యులేటర్‌కి బొట్టు పెట్టి, కెమెరా పక్కన పూజలో కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి లైట్లు పట్టే మనిషి మొదలు హీరోయిన్ దాకా అందరి నక్షత్రాలూ అందులో దూరి బయటికి రావాల్సిందే.

నేను బయటికి వచ్చేశాను. లోపలే ఉంటే టీపాయ్ మీది గాజు బొమ్మ ఎవరి నెత్తినో పడేది.

పోర్టికోలో కార్ల పక్కన నిలబడి వేళ్ళు మడిచాను. మా ఎర్రగడ్డ ఇంట్లో అమ్మ తారాబలం చూడకుండా మామిడికాయ పచ్చడి కూడా కలపదు. ఒక్కో వేలికి మూడు కణుపులు, మూడు వేళ్ళకి తొమ్మిది. తొమ్మిది నిండగానే మళ్ళీ మొదటి వేలికి రావాలి. భాగహారం అక్కర్లేదు, చివరికి ఏ కణుపు మీద ఆగితే అదే తార. నాది ఉత్తర. ఉత్తర, హస్త, చిత్త, స్వాతి... కోపానికి పళ్ళు కొరుకుతూనే రేవతి దాటాను, అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి. మొదటి వేలి రెండో కణుపు మీద ఆగాను.

మళ్ళీ లెక్కపెట్టాను. రెండే.

"ఏంది మేడమ్, వేళ్ళు లెక్కవెట్టుకుంట ఎవల్నో తిడుతున్నరు?" అన్నాడు కారు తుడుస్తున్న డ్రైవర్ తిరుమలేశ్.

"ఇంకా మొదలు వెట్టలేదన్నా. జర ఆగు," అని పక్క మెట్ల మీదుగా పైకి వెళ్ళాను.

వందన మంచం మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. పదిహేడేళ్ళ పిల్ల. నేను ఈ ఇంటికి కథ చెప్పడానికి వచ్చినప్పుడల్లా మెట్ల మీద కూర్చుని వినేది. హాల్లో వాళ్ళ నాన్నకి ఫోన్లొచ్చేవి, హీరోకి కాఫీలొచ్చేవి, ఒకాయన కునుకు కూడా తీసేవాడు. మెట్ల మీది పిల్ల మాత్రం కదిలేది కాదు.

"అక్కా! బుధవారమేగా!" అంది నవ్వుతూ. "నాకు ఆ లాస్ట్ సీన్ ఎప్పుడు చూస్తానా అని ఉంది. హీరో లారీ రివర్స్‌లో మార్కెట్ లోపలిదాకా తెస్తాడు కదా. అందరూ విలన్‌ని గుద్దేస్తాడనుకుంటారు. వాడేమో దిగి, విలన్ వాళ్ళమ్మని ముందు సీట్లో కూర్చోబెడతాడు. విలన్ వెనకాల ఉల్లిగడ్డల బస్తాల మీద కూర్చోవాల్సి వస్తుంది. నేను నిజంగా ఏడ్చేశానక్కా."

నా కోపం ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియక ఆగింది. ఆ సీను ఈ పిల్లకి నాకంటే బాగా తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. ఫిల్మ్ నగర్ నాకు నేర్పిన మొదటి పాఠం అది. ఇంటర్వెల్ దాకా రాసి ఇవ్వు, ఆ తర్వాతది నోటితో చెప్పు. రాసిచ్చిన రెండో సగం తెల్లారేసరికి ఎవరి సినిమాలో తేలుతుందో దేవుడికే తెలియదు.

"నీ మిషన్ తియ్యి వందనా," అన్నాను. "నాకు ఏడెందుకు వచ్చిందో చూపియ్యి."

ఆ పిల్లకి ఏమీ తెలియదు. నాన్న అందరి నక్షత్రాలూ అడిగితే నొక్కి చెప్పిందంతే. నా కుర్చీ పోయిందని చెప్పేసరికి గబగబా కాలిక్యులేటర్ తీసింది. "తప్పుండదక్కా. డాడీది చెక్ చేశాను, రెండొచ్చింది. సిద్ధాంతి గారు కూడా రెండే అన్నారు."

"వేళ్ళ మీద నాది కూడా రెండే వస్తున్నది."

"ఆగండి. రోహిణి నాలుగో స్టార్. మీ ఉత్తర పన్నెండోది. నాలుగులోంచి పన్నెండు తీసేసి, ఒకటి కలపాలి. మైనస్ ఏడు. తొమ్మిదితో భాగిస్తే..." ఆమె వేలు ఒక మీట దగ్గర ఆగింది. "మైనస్ ఏడే మిగిలింది. కాలిక్యులేటర్‌లో రిమైండర్ అని ఒకటుంది గానీ మైనస్ ఇస్తే ఎర్రర్ అంటుంది. అందుకే నేనే వేరేలా రాసుకున్నా. మైనస్ తార అంటే మీనింగ్ లేదు కదా, అందుకని ఆబ్స్ పెట్టాను."

"ఆబ్స్ అంటే?"

"మైనస్ గుర్తు తీసేస్తుంది. మైనస్ ఏడు ఏడైపోతుంది."

చెబుతూ చెబుతూనే గోడ గడియారం వైపు చూసింది. "అక్కా, పన్నెండు గంటల నుంచి ఏడు గంటలు వెనక్కి వెళ్తే ఎంత?"

"ఐదు."

"ఏడు కాదు కదా!"

ఇక నాతో మాట్లాడలేదు. తెర మీద గ్రాఫు గీసింది. సున్నాకి కుడివైపు గీతలన్నీ రంపం పళ్ళలా ఒకేవైపు వాలి ఉన్నాయి. ఎడమవైపు పళ్ళు తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. "ఇదీ నేను చేసిన పని," అంది. ఆబ్స్ తీసేసింది. భాగించి వచ్చినదాన్ని ఎప్పుడూ కింది పూర్ణ సంఖ్యకే దించే మరో మీట పెట్టింది. మళ్ళీ గీస్తే రంపం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే వాలులో వచ్చింది. నా ఉత్తర నొక్కింది. రెండు.

"సంపత్తార," అని ఏడుపు గొంతుతో అంది. "ముందుకి లెక్కపెట్టే వాళ్ళకి కరెక్ట్‌గానే వచ్చింది. వెనక్కి లెక్కపెట్టాల్సిన వాళ్ళకే తిరగబడింది. రెండుంటే ఏడు చూపించింది, ఏడుంటే రెండు. సారీ అక్కా. సారీ."

ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. తన తప్పు తానే పట్టుకుని, తానే దిద్దుకుని, తానే క్షమాపణ చెప్పిన మనిషిని ఈ పరిశ్రమలో నేను చూడటం అదే మొదలు. "నడు, కిందికి పోదాం," అన్నాను. ఒక్క మీట తప్పు. దిద్దితే అయిపోతుంది. నా కుర్చీ నాకొస్తుంది. మెట్లు దిగుతున్నంతసేపూ అదే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

కింద హాల్లో హీరో సృజన్ వచ్చి కూర్చున్నాడు. ముహూర్తం రోజు వేసుకునే చొక్కాలు సోఫా మీద పరిచి ఉన్నాయి. రవిచంద్ర నన్ను చూసి, "శాంతించావా అమ్మా?" అన్నాడు. పుండు మీద కారం చల్లడం అంటే అదే.

వందన తండ్రి ముందు కాలిక్యులేటర్ పెట్టింది. తప్పెక్కడ జరిగిందో గడియారంతో సహా వివరించింది. "అక్కకి రెండు డాడీ. సంపత్తు. తప్పు నాదే."

రవిచంద్ర కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "సరేలేమ్మా, చూద్దాం," అన్నాడు.

"చూద్దామేంది సార్? చూసినం గదా. మిషన్ పొరపడదన్నరు. ఇప్పుడు గదే మిషన్ చెప్తున్నది."

"క్రాంతితో మాటైపోయింది కదమ్మా. పత్రికల వాళ్ళకి కూడా చెప్పేశాం."

"అందరివీ మళ్ళీ చూడాలి డాడీ," అంది వందన. చకచకా నొక్కింది. "క్రాంతి అంకుల్ అశ్విని, నాలుగు, మార్పు లేదు. సృజన్ అన్నది పునర్వసు." నొక్కి ఆగిపోయింది. "ఏడు."

సృజన్ చొక్కాలన్నీ పక్కకి తోసి లేచాడు. "ఏడా? రెండన్నారుగా! అంకుల్, ఏడంటే చావేగా? ఇంతకుముందు సినిమా మొదటి రోజే క్రేన్ పడింది నాకు. నేను బుధవారం రాను."

"కంగారుపడకు నాన్నా," అంటూ రవిచంద్ర ఒక్క అంగలో అతని దగ్గరికి వెళ్ళి భుజం పట్టుకున్నాడు. "నైధనమైతే ఏమైంది? దానికి శాంతి శాస్త్రంలోనే ఉంది. నువ్వులు, కాస్త బంగారం దానమిస్తే దోషం పోతుంది. అంతే, చిటికెలో పని. మార్తమ్మా! నువ్వులు పట్రా!"

వంటింట్లోంచి మార్తమ్మ తల బయటపెట్టింది. "తెల్లవాండీ, నల్లవాండీ?"

"నల్లవి."

స్టీలు గిన్నెలో నల్ల నువ్వులు వచ్చాయి. రవిచంద్ర తన వేలి ఉంగరం తీసి అందులో వేశాడు. గిన్నెని సృజన్ చేత తాకించాడు. సాయంత్రానికి గుడిలో అయ్యగారికి అందుతుందనీ, ఇక ఏ బెంగా లేదనీ చెప్పాడు. సృజన్ ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. క్రాంతికుమార్ "శుభం" అన్నాడు. మొత్తం ఎంతసేపు పట్టింది? మార్తమ్మ స్టవ్ మీద పాలు పొంగకముందే అయిపోయింది.

నేను ఆ గిన్నెనే చూస్తూ నిలబడ్డాను. అరుద్దామనుకున్నాను గానీ గొంతు చిత్రంగా నెమ్మదిగా వచ్చింది.

"సార్, పొద్దున నాకు ఏడు వచ్చినప్పుడు ఇంట్ల నువ్వులు లేకుండెనా?"

మార్తమ్మ ఒక్కతే నా వైపు చూసి, తల దించుకుని లోపలికి వెళ్ళింది.

"అలా మాట్లాడతావేంటమ్మా," అన్నాడు రవిచంద్ర. "హీరో విషయం వేరు."

"అదే అడుగుతున్న. ఆయన ఏడుకు పిడికెడు నువ్వులు. నా ఏడుకు నా సినిమానే గుంజుకుంటిరి. ఒక్కటే ఏడు గదా సార్?"

"డాడీ," అంది వందన. "పొద్దున అక్కకి రెండొచ్చి ఉంటే ఏం చెప్పేవారు?"

ఆయన కూతురి ముఖం చూడలేకపోయాడు. సృజనే నోరు విప్పాడు, పాపం తప్పు ఒప్పుకుంటున్నవాడిలా కూడా కాదు, మామూలుగా. "మంజుల గారూ, నేనే అంకుల్‌తో అన్నానండీ. ఇది మాస్ సినిమా. లేడీ డైరెక్టర్ అంటే నాకు కంఫర్ట్ ఉండదేమోనని. మీరు ఫీలవ్వకుండా నైస్‌గా చెప్తానన్నారు అంకుల్. మిమ్మల్ని హర్ట్ చేద్దామని కాదండీ."

నైస్‌గా! ఎంత దయ! ఆడదానివి, అందుకు వద్దన్నామని ముఖం మీద చెబితే నేను బాధపడతానట. అందుకని ఆకాశంలో ఉన్న నక్షత్రాలను తెచ్చి అడ్డం పెట్టారు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు పెద్దలు. వీళ్ళు ఆ మద్దెలకి బొట్టు కూడా పెట్టారు. తప్పు మీట ఒక పిల్ల తెలియక నొక్కింది. దాని జవాబు వీళ్ళకి అవసరమైంది. ఏడు రాకపోయి ఉంటే వాస్తు వచ్చేది, వాస్తు కాకపోతే నా పేరులో అక్షరాలు వచ్చేవి. మీట దిద్దితే కుర్చీ వస్తుందని మెట్లు దిగిన నా మీద కూడా నాకు మండిపోయింది.

"మంచిది," అన్నాను. సంచి భుజానికి తగిలించుకున్నాను. "క్రాంతి సారుకు ఆల్ ది బెస్ట్. నేను పోతున్న."

"పోవడమేంటి?" రవిచంద్ర గాభరాగా లేచాడు. "ఇంటర్వెల్ తర్వాత ఇంకా రాసివ్వలేదు కదా నువ్వు."

"రాసియ్యలే. చెప్పిన గదా సార్. ఎన్నిసార్లు చెప్పించుకున్నరు! గుర్తుండదా?"

"ఎందుకుండదు? బ్రహ్మాండంగా ఉంది."

"అయితే చెప్పుండ్రి. ఆఖరి సీన్ ఏంది?"

రవిచంద్ర సృజన్ వైపు చూశాడు. సృజన్ క్రాంతికుమార్ వైపు చూశాడు.

"లారీతో విలన్‌ని గుద్దేస్తాడు," అన్నాడు రవిచంద్ర.

"కాదంకుల్, మార్కెట్‌లో ఫైట్ కదా," అన్నాడు సృజన్. "ఉల్లిపాయలు గాల్లోకి లేస్తాయి. నేను కత్తి పడతా."

"హీరో చనిపోతాడనుకుంటా సార్," అన్నాడు క్రాంతికుమార్. "ట్రాజెడీ. నాకైతే అలాగే చెప్పినట్టు గుర్తు."

నాకు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, దాన్ని మింగేశాను. ఈ హాల్లో ఎన్ని మధ్యాహ్నాలు నిలబడి, గొంతు మార్చి, లారీ హారన్ కూడా నోటితోనే కొట్టి చెప్పాను! ఒక్కడూ వినలేదు. విననివాడి కోసం నేను గొంతు చించుకున్నాను.

అప్పుడు రవిచంద్ర ముఖం వెలిగింది. "వందనా! నువ్వు మెట్ల మీద కూర్చుని వినేదానివి కదమ్మా. నీకు లెక్కలే కాదు, అన్నీ గుర్తుంటాయి. చెప్పు తల్లీ, లాస్ట్ సీన్ ఏంటి?"

వందన చేతిలో కాలిక్యులేటర్ ఇంకా వెలుగుతూనే ఉంది. తప్పు జవాబు చెప్పడమంటే ఆ పిల్లకి ఎంత ప్రాణసంకటమో ఇప్పుడే పైన చూసి వచ్చాను. ఒక మైనస్ గుర్తు చెరిపినందుకు నాకు రెండుసార్లు సారీ చెప్పింది. తండ్రి అంటే ప్రేమ కూడా. ఆమె నన్ను చూసింది. నువ్వుల గిన్నెని చూసింది. తర్వాత వాళ్ళ నాన్న కళ్ళలోకి సూటిగా చూసింది.

"నాకు గుర్తు లేదు డాడీ," అంది.

"అదేంటి! మొన్న అన్నం తింటూ నువ్వే ఏదో అన్నావు, ఏడ్చానని..."

"గుర్తు లేదు."

కాలిక్యులేటర్ ఆపేసి పైకి వెళ్ళిపోయింది.

నేను బయటికి వచ్చేసరికి రవిచంద్ర వెనకాలే వస్తున్నాడు, "మంజులా, ఆగమ్మా, ఇంకో రోజు చూద్దాం, క్రాంతితో నేను మాట్లాడతాను" అంటూ. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ నమ్ముతానని భయం. ఆ హాల్లో ఇంకోసారి ఆ హారన్ కొట్టలేను.

పోర్టికోలో తిరుమలేశ్ కారు తుడవడం ముగించి బకెట్ ఎత్తుతున్నాడు. "ఇంతకీ తిట్టిండ్రా లేదా మేడమ్?"

"ఒక్కటే మాట అడిగినన్నా. దానికే జవాబు లేదు."

గేటు దాటి ఫిల్మ్ నగర్ వైపు దిగే రోడ్డు పట్టుకున్నాను. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని కూడా లేదు. బుధవారం రోహిణి, నాకు రెండు. అమ్మ ఇస్త్రీ చేయించిన చీర కట్టుకుని ఆ రోజే ఇంకో గడప ఎక్కుతాను. కథ చెప్పబోయే ముందు ఫోన్లు పక్కన పెట్టమంటాను. పెట్టనంటే అక్కడి నుంచీ లేచి వచ్చేస్తాను.